జాతిశబ్దము – జీవవర్గీకరణము

మన జీవశాస్త్ర పాఠ్యగ్రంథములలో ప్రాణుల వర్గీకరణమును గూర్చిన అధ్యాయము తెఱచినచో రాజ్యము, వర్గము, విభాగము, క్రమము, కుటుంబము, ప్రజాతి, జాతి అను ఏడు మెట్లు కనబడును. మొదటి ఆఱు పేళ్ళను గూర్చి పెద్దగా వివాదము లేదు. రాజ్యము, కుటుంబము అనునవి పోలికచే తెచ్చుకొన్న మాటలని విద్యార్థి తనంతనే గ్రహించును. పిల్లికిని పులికిని ఒక కుటుంబ మనగా అవి యొక యింట కాపురముండునని యెవ్వరును భ్రమపడరు. తుది మెట్టునకు పెట్టిన జాతి యను పేరు అట్టిది కాదు. అది తర్కశాస్త్రమున లక్షణము చెప్పబడిన పదము. నిఘంటువులలోను, కావ్యములలోను, సంతలోను, సభలోను వేఱువేఱు అర్థములతో బ్రదుకుచున్న పదము. ఇట్టి పదమును తెచ్చి శాస్త్రమున నిలిపినపుడు, దాని వెంట వచ్చిన అర్థములు శాస్త్రవిషయమునకు సాయపడునా, అడ్డుపడునా అని విచారింపవలసి యున్నది. ఆ విచారమునకు ముందు మన వాఙ్మయమున ప్రాణులను విభజించిన తీరును కొంచెము పరిశీలింతము.

అమరసింహుని నామలింగానుశాసనమును చిన్ననాడు వల్లించినవారికి సైతము అందలి జంతువుల యమరిక తఱచుగా దృష్టికి రాదు. సింహాదివర్గ మను పేరు వినగా జంతువులన్నియు అందే యుండునని తోచును; వెదకి చూచిన నట్లుండదు. సింహము, పులి, పిల్లి, కోతి, అడవిపంది, ఎనుబోతు, ఉడుము, సాలెపురుగు, తేలు, నెమలి, తుమ్మెద ఆ వర్గమున నున్నవి. ఏనుగును గుఱ్ఱమును క్షత్రియవర్గమున వెదకవలయును. ఆవు, ఒంటె, మేక, గొఱ్ఱె, గాడిద వైశ్యవర్గమున నున్నవి. కుక్క శూద్రవర్గమున వేటకాండ్ర చెంతనున్నది. దానిని వెన్నంటియే ఊరపంది. పాములు ప్రథమకాండమున పాతాళభోగివర్గమునకు పోయినవి. చేపలు, తాబేలు, కప్ప, జలగ, ఎండ్రి, శంఖము వారివర్గమున చేరినవి. అడవిపంది యొకచోట, ఊరపంది వేఱొకచోట. ఎనుబోతొకచోట, ఎద్దు వేఱొకచోట.

దీనిని చూచి నవ్వుట తేలిక. నవ్వదగినది మాత్రము కాదు. అమరసింహుడు ప్రాణి యెక్కడ నుండును, ఎవరి పనికి వచ్చును అను రెండు ప్రశ్నలు వేసికొని, వానికి తగినట్లు పేళ్ళను కూర్చినాడు. ఏనుగు సేనాంగము గాన రాజుతో నున్నది. ఆవు పాడిసంపద గాన వైశ్యునితో నున్నది. కవికి పర్యాయపదములు కావలసినపుడు చతురంగబలముల చెంత ఏనుగు దొరకుటకంటె మేలేమున్నది? నిఘంటువు చేయవలసిన పని అది చేసినది. పైడిపాటి లక్ష్మణకవి తన ఆంధ్రనామసంగ్రహమున దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థవర్గములని అయిదింటిని చేసి జంతువులను తిర్యగ్వర్గమునకు దింపినాడు. అచట వర్ణాశ్రమపు టమరిక సడలినను మనుష్యుని కొలమానము పోలేదు. ఈ కోశములలోని వర్గము ఒక పేరు వెదకికొనుటకు కట్టిన అర. నేటి పాఠ్యగ్రంథములలో వర్గమన్న మాట వెన్నెముకగల జంతువులు, కీళ్ళకాళ్ళ జంతువులు మొదలగు మహాసమూహములకు వచ్చినది. శబ్దమొకటే, అర్థము పూర్తిగా వేఱు.

అమరకోశముననే తృతీయకాండమున మఱియొక విభాగము కలదు. మనుష్యులు, పశువులు మొదలగునవి జరాయుజములు. పక్షులు, పాములు మొదలగునవి అండజములు. పురుగులు, దోమలు మొదలగునవి స్వేదజములు. చెట్లు, పొదలు మొదలగునవి ఉద్భిజ్జములు. ఐతరేయోపనిషత్తు నాటికే యీ నాలుగును కనబడుచున్నవి. ఛాందోగ్యమున మూడే కలవు. అందు స్వేదజము లేదు. ఇది పైదానికంటె శాస్త్రమునకు చేరువైన విభాగము. ఏలయన మనుష్యుని ప్రయోజనమును విడిచి ప్రాణి తాను పుట్టు విధమును చూచినది. దీనికిని చిక్కులు కలవు. రక్తపింజర గ్రుడ్లు పెట్టదు, పిల్లలను కనును. సర్పమాత్రమున దానిని అండజమున చేర్చుట కుదురదు. ఆస్ట్రేలియాలోని ప్లాటిపస్ అను జంతువును 1799లో జార్జి షా వర్ణించినాడు. ఒడలినిండ బొచ్చుండి పిల్లలకు పాలిచ్చు నా జంతువు గ్రుడ్లు పెట్టునని 1884లో కాల్డ్వెల్ నిర్ధారణ చేసినాడు. అది జరాయుజమా, అండజమా? చెమటనుండియు క్రుళ్ళునుండియు పురుగు పుట్టునన్న భావమును ఇటలీలో రెడి 1668లో మాంసఖండములపై గుడ్డ కప్పి పరీక్షించి కదల్చినాడు. స్వేదజమను గది అట్లు ఖాళీయైనది.

ఇచట నొక మాట చెప్పక తప్పదు. 2011లో కొందఱు శాస్త్రజ్ఞులు గణితమార్గమున లెక్కించి, బాక్టీరియావంటి వానిని విడిచి, భూమిపై సుమారు 87 లక్షల జాతులుండవచ్చునని, ఆ లెక్క 13 లక్షలు అటునిటు కావచ్చునని ప్రకటించిరి. మన పురాణప్రసిద్ధమైన యెనుబదినాలుగు లక్షల యోనులతో ఇది సరిపోయినదని సంతోషించువారు కలరు. మొత్తమును చూచి ఊరకుండక విడివిడి లెక్కలను పోల్చి చూడవలదా? ప్రచారములోనున్న యొక గణన ప్రకారము పశువులు 30 లక్షలు, పక్షులు 10 లక్షలు, మనుష్యులు 4 లక్షలు, క్రిములు 11 లక్షలు. పాలిచ్చు జంతువులలో నేటికి తెలిసిన జాతులు ఆఱువేల అయిదువందలకు అటునిటు, పక్షులు పదునొకండు వేల మేర, మనుష్యుడు ఒక్కడే. పెంకుపురుగులలోనే పేరు పెట్టబడిన జాతులు దాదాపు 4 లక్షలు. యోనులసంఖ్య జీవుడు తిరుగు సంసారచక్రము యొక్క విస్తారమును మనసునకు తెచ్చుటకు చెప్పినది; దానిని జనాభాలెక్కగా చదువుట పురాణమునకును మర్యాద కాదు, శాస్త్రమునకును మేలు కాదు.

స్వీడను దేశీయుడైన లిన్నేయస్ 1753లో మొక్కలకును, 1758లో జంతువులకును రెండు మాటల పేరు పెట్టు పద్ధతిని స్థిరపఱచినాడు. మొదటిమాట ప్రజాతిని, రెండవది జాతిని తెలుపును. ఈ పద్ధతి మన పల్లెలకు క్రొత్త కాదని నాకు తోచును. నల్లతుమ్మ, తెల్లతుమ్మ, సర్కారుతుమ్మ, చింత, సీమచింత. తెలుగున విశేషణము ముందు వచ్చును, లాటినున వెనుక వచ్చును, అంతియే భేదము. ఐనను రైతు పెట్టిన పేరు పోలికతో తృప్తిపడును. సీమచింత మెక్సికో వైపునుండి వచ్చిన చెట్టు. చింతతో దానికి కాయరూపమున పోలికయే కాని దగ్గఱి చుట్టఱికము లేదు. సర్కారుతుమ్మయు అమెరికాఖండమునుండి వచ్చి తుమ్మపేరు పెట్టుకొన్నది. పండితులును ఈ విషయమున నిలుకడగా నున్నారని చెప్పరాదు. నల్లతుమ్మ చిరకాలము అకేషియా ప్రజాతిలో నుండెను. ఆ ప్రజాతి యొక వంశమునుండి వచ్చినది కాదని తేలినపిమ్మట, 2005లో వియన్నాలోను 2011లో మెల్బోర్నులోను జరిగిన వృక్షశాస్త్రజ్ఞుల మహాసభలలో అకేషియా యన్న పేరు ఆస్ట్రేలియాచెట్లకు దక్కినది; మన తుమ్మలు వాచెల్లియా యను ప్రజాతికి పోయినవి. చెట్టు మారలేదు, ముల్లు మారలేదు. దాని చుట్టములెవరో తెలిసినందున పేరు మారినది.

తెలుగుపేరు లాటినుపేరైన ముచ్చటయు నొకటి కలదు. ఈస్టిండియా కంపెనీ కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా నుండిన పాట్రిక్ రస్సెల్ విశాఖపట్టణప్రాంతమున పాములను సేకరించి, స్థానికులు చెప్పిన పేళ్ళతోనే 1796లో గ్రంథము వెలువరించినాడు. రక్తపింజరకు కాటుకరేకులపొడ యన్న పేరును అందు వ్రాసికొన్నాడు. ఎంత చక్కని పేరు! ఒడలిపై నల్లని రేకులవంటి పొడలను చూచి పెట్టినది. అందే బంగారుపాము అను పేరొకటి యున్నది; పసుపు నలుపు పట్టెలుగల పాము అది. ఫ్రెంచిపండితుడు దోదెన్ 1803లో ఆ పేరును గ్రహించి బంగారస్ అను ప్రజాతిని కల్పించినాడు. తరువాత కట్లపామును ఆ ప్రజాతిలోనే చేరినది. నల్లని కట్లపాము నేడు లోకమంతట బంగారమను పేర చెల్లుచున్నది! శాస్త్రనామము ఒకమాఱు రూఢియైనపిమ్మట అవయవార్థముతో పనిలేదనుటకు ఇంతకంటె మంచి యుదాహరణము దొరకదు.

లిన్నేయసునకు జాతి యనగా సృష్ట్యాదియందు కల్పింపబడి నిలిచిన రూపము. తుదిదినములలో ఆయనకు కొంత సందేహము కలిగినను మొత్తముమీద ఆయన తలంపు అదియే. ఆ తలంపును తెలుగున చెప్పుటకు జాతి యన్న మాట అద్దినట్లు సరిపోవును. తెలుగువాడని ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున సామాన్యమునకు చెప్పిన లక్షణము ప్రతి తర్కవిద్యార్థికిని తెలిసినదే: అది నిత్యము, ఒకటి, అనేకవ్యక్తులయందు అనుగతము. గోవులు పుట్టును, గిట్టును. గోత్వము పుట్టదు, గిట్టదు. వ్యక్తులన్నియు నశించినను జాతి నశింపదని నైయాయికుల మతము. ఆ మతమున మారిషస్ దీవిలో పదునేడవ శతాబ్దమున అంతరించిన డోడోపక్షి యొక్క డోడోత్వము నేటికిని ఉన్నదనియే చెప్పవలసివచ్చును.

1859లో డార్విను చెప్పినది దీనికి నేరుగా విరుద్ధము. ఆయన మతమున జాతి పుట్టును, మారును, చీలును, నశించును. ఒకమాఱు నశించినది మరల పుట్టదు. వ్యక్తులకు వేఱుగా దానికి సత్త లేదు. తల్లిదండ్రులనుండి బిడ్డలకు సాగు ధారయే అది. ఆ గ్రంథమునందున్న చిత్రము ఒక్కటే, అది కొమ్మలు చీలుచు పోవు రేఖాచిత్రము. తెలుగున దానికి వంశవృక్షమని పేరు పెట్టుటకు వెనుకాడ నక్కఱలేదు. అట్లైనపుడు ఆయన గ్రంథనామమును జాతుల యుత్పత్తి యని తెనిగించినచో తర్కమెఱిగిన చదువరికి అది గొడ్రాలి కొడుకు అన్నట్లుండును. నిత్యమైనదానికి ఉత్పత్తి యేమి? తర్కము చదువని విద్యార్థికిని చిక్కు తప్పదు. ఒకమాఱు తరగతిలో నొక విద్యార్థి, కోతిజాతి మనుష్యజాతిగా మారినచో కోతు లింకను ఏల యున్నవని నన్నడిగెను. ఆ ప్రశ్న పుట్టినది జీవశాస్త్రమునుండి కాదు, జాతిశబ్దమునుండి. జాతి యొక గట్టివస్తువనియు అది మొత్తముగా మఱియొక వస్తువైనదనియు నాతడు తలచినాడు. ఒక పూర్వవంశమునుండి నేటి కోతుల శాఖయు మనుష్యశాఖయు చీలినవని చెప్పియున్నచో ఆ ప్రశ్నకు తావులేదు. పినతండ్రికొడుకు బ్రదికియుండగా నేనెట్లు పుట్టితినని యెవరును అడుగరు గదా.

మన తార్కికులే యీ చిక్కునకు పనిముట్టు నొకదానిని చేసి పెట్టినారు. అనేకవ్యక్తులకు సాధారణమైన ధర్మమెల్ల జాతి కాదని, కొన్నింటికి జాతిత్వమును బాధించు కారణములు కలవని ఉదయనాచార్యుడు ఆఱింటిని చెప్పినాడు. వానిలో సాంకర్యమొకటి. ఇది పశువుల సంకరము కాదు. రెండు ధర్మములు ఒకదాని నొకటి కోసికొనిపోవుట. భూతత్వము, మూర్తత్వము అనునవి యిందుకు ప్రసిద్ధోదాహరణములు: ఆకాశమున మొదటిదే, మనస్సున రెండవదే, పృథివ్యాదులందు రెండును. కాన అవి జాతులు కావు, ఉపాధులు. ఈ పరీక్షకు అండజ, జరాయుజములను నిలిపి చూడుడు. పాలిచ్చుట, గ్రుడ్లుపెట్టుట అను రెండు ధర్మములు ప్లాటిపసునందు కలిసినవి, ఆవునందును కోడియందును విడివడినవి. డార్విను చెప్పిన జాతియు తర్కమర్యాదను బట్టి ఉపాధియే. నైయాయికుని ముందు ఆ మాట నిలిపినచో ఆతడే ముందుగా అభ్యంతరము చెప్పును.

అట్లని జాతి యన్న మాటను తీసి పాఱవేయుమని నేను చెప్పను. ఆ మాటకు తర్కశాస్త్రమున నున్న బ్రదుకు గాక వేఱొక బ్రదుకు కలదు. అది రైతునోట నున్నది. ఒంగోలుజాతి యెద్దు, మేలుజాతి గొఱ్ఱె, నాటుజాతి కోడి. ఇచట జాతి నిత్యము కాదు. మంచి ఆబోతును ఎంచి, తగిన ఆవుతో కలిపి, తరతరములు కనిపెట్టి యుండగా అది నిలుచును, ఉపేక్షించినచో చెడును. ఒంగోలుపశువులు బ్రెజిలునకు పోయి అచట నెలోర్ అను పేర వ్యాపించినవి. ఇచట దుక్కికిని బండికిని ఎంచబడిన జాతి, అచట మాంసమునకై ఎంచబడి వేఱుతీరున సాగినది. కోడిపందెముల వారు పుంజులను కాకి, డేగ, నెమలి, పర్ల యని ఈకల రంగునుబట్టి విభజింతురు. అవన్నియు అడవికోడినుండి వచ్చిన యొకే వంశమని శాస్త్రము చెప్పును. డార్విను తన గ్రంథమును మొదలుపెట్టినది ఎచట? పెంపుడుజంతువులలోని భేదములతో, పావురములను పెంచువారి చేతిపనితో. ఒంగోలురైతు ఆ మొదటి యధ్యాయమును చదువకయే యెఱుగును. మన పరిభాషాకర్తలు జాతికి అర్థము వెదకుటకు శాస్త్రుల అరుగునకు పోవుటకు మాఱుగా పశువుల సంతకు పోయియున్నచో బాగుండెడిది. రైతు చెప్పు జాతి శాస్త్రము చెప్పు జాతికంటె చిన్నది, ఒక జాతిలోని భేదమాత్రము. ఐనను దాని స్వభావము డార్విను చెప్పినదే. చిన్న భేదములు పేరుకొని పెద్ద భేదములగుననుటయే గదా ఆయన వాదము.

పరిణామమన్న మాటకును ఇట్టి విచారమే చెల్లును, కాని యిది అంత చిక్కైనది కాదు. సాంఖ్యులు పాలు పెరుగైనట్లు కారణమున నున్నదే కార్యముగా వెలువడుననిరి. లోన దాగినది వెలికి వచ్చుట డార్విను మతము కాదు. ఆశ్చర్యమేమనగా, ఐరోపాభాషలలోని మాటకును చుట్ట విప్పుట యనియే మూలార్థము. డార్విను తన గ్రంథపు మొదటి ముద్రణమున ఆ నామపదమును వాడక, దాని క్రియారూపమును గ్రంథాంతమున ఒక్కమాఱు మాత్రమే వాడినాడు. కొందఱు ఇష్టపడు వికాసమన్న మాట యింకను చెఱుపు చేయును. గుహలలోని నీట బ్రదుకు కొన్ని చేపలు కన్నులను పోగొట్టుకొన్నవి. దానిని వికాసమందుమా? పరిణామమే మేలు.

నా వాదమునకు ఒక యభ్యంతరము కలదు, అది బలమైనదే. బంగారస్ అన్న పేరున బంగారము లేనట్లే, జాతి యన్న పేరున నిత్యత్వము లేదనుకొనరాదా, రూఢిశబ్దమునకు ఇంత విచారమేల యని అడుగవచ్చును. లాటినునామమును పాముల నెఱిగినవారు తప్ప ఇతరులు పలుకరు. దాని అర్థ మేదియైనను ఎవరికిని హాని లేదు. జాతి యట్లు కాదు. తెలుగుజాతి, జాతిపిత, అగ్రజాతి, జాతిభేదము అని దినమునకు నూఱుమాఱులు వినబడు మాట. జీవశాస్త్ర తరగతిలో జాతి యనగా తమలో తాము కలిసి సంతానము కని, ఇతరములతో కలియనిది యని మాయర్ 1942లో చెప్పిన లక్షణమును వినిన విద్యార్థి, వెలుపలికి వచ్చి మనుష్యులలో ఫలానాజాతి యన్న మాట వినును. శాస్త్రము చెప్పిన అడ్డుగోడ మనుష్యుల నడుమను కలదని, అది పుట్టుకతో వచ్చినదని, అతనికి తోచినచో తప్పెవరిది? మనుష్యులందఱును జీవశాస్త్రమున ఒకే జాతి. ఆ వాక్యము పాఠ్యగ్రంథమున జాతిలక్షణము చెప్పిన పుటయందే యుండవలయును. చాల గ్రంథములలో అది యెక్కడనో మానవపరిణామపు టధ్యాయమున మిగిలిపోవుచున్నది. పరిభాషను సంతరించువారు జాతి యన్న పదము క్రింద మూడు మాటలు చేర్చిన చాలును: ఇచట జాతి యనగా కాలమున పుట్టి కాలమున నశించు వంశధార, రైతు చెప్పు జాతి దీనిలోని అవాంతరభేదము, మనుష్యులలో జాతులని వ్యవహరింపబడునవి ఈ యర్థమున జాతులు కావు.

1906లో స్థాపింపబడిన విజ్ఞానచంద్రికామండలి తొలినాళ్ళలోనే జీవశాస్త్రమును తెలుగున అచ్చువేసినది. 1968లో తెలుగు అకాడమి ఏర్పడినపిమ్మట కళాశాలలకు తెలుగున పాఠ్యగ్రంథములు వచ్చినవి. వారి శ్రమ తక్కువది కాదు. పదములు దొరకినవి, పదముల చరిత్ర మాత్రము గ్రంథములకు ఎక్కలేదు.

వంశధార యన్న నా మాటయు అన్నిచోటుల చెల్లదు. బాక్టీరియాలకు కలయికచే సంతానము లేదు గాన మాయరుని లక్షణము వానికి పట్టదు. అంతేకాక, ఒక బాక్టీరియానుండి ఏమాత్రము చుట్టము కాని మఱియొకదానికి జన్యువులు అడ్డముగా పోవుచుండును; మందులకు లొంగని గుణము ఇట్లు వ్యాపించుట వైద్యులకు తెలిసినదే. 1977లో వోస్, ఫాక్స్ అను పండితులు బాక్టీరియాలవలె కనబడుచు వానికి చేరని ఆర్కియా అను వంశమును గుర్తించినది మొదలు, వంశవృక్షపు మొదట కొమ్మలు చీలుటయే కాక మరల అల్లుకొనుటయు కలదని తేలుచున్నది. తండ్రినుండి రాక పొరుగువానినుండి వచ్చిన యీ ఆస్తికి తెలుగున పేరు నిలువలేదు. దత్తత యన్న మాట పనికివచ్చునేమో జీవశాస్త్రజ్ఞులు చెప్పవలయును; దత్తుడు వంశమును మార్చుకొని గృహమునకు వచ్చును, ఇచట వచ్చునది గుణమొక్కటే.